వంటింటి స్విచ్చీ, ఇందిరాబాయమ్మ చెయ్యీ

ఐటీఐ ముగించిన పిల్లలు ఈ మధ్య అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తున్నారు. గోడకున్న స్విచ్చి పాడయితే ఎక్కడ మొదలుపెట్టి చూడాలో చెప్పమంటారు. నేను పని మానేసి రెండేళ్ళయింది. నిచ్చెన ఎక్కితే మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఎమ్మిగనూరులో మొదలై ఆదోనిలో ముగిసిన నా పనిలో పత్తి మిల్లుల వైరింగు ఉంది, కల్యాణ మండపాల వైరింగు ఉంది. అవి వాళ్ళకు పుస్తకాల్లోనే దొరుకుతాయి. ఒక వంటింటి స్విచ్చి దగ్గర నేను చేసిన తప్పు మాత్రం ఎక్కడా దొరకదు కాబట్టి, దాన్ని నేనే రాసిపెడుతున్నాను.

ముందే ఇంకో సంగతి చెప్పాలి. పగలు వైరింగు పని చేస్తూనే చాలా ఏళ్ళు ఒక దినపత్రికకు వార్తలు పంపాను. మా వైపు విలేకర్లలో చాలామందికి ఇలా రెండో పని ఉంటుంది. ఒకాయనకు ఎరువుల కొట్టు, ఇంకొకాయనకు జిరాక్సు మిషను, నాకు స్క్రూడ్రైవరు. రెండు పనులకూ సంబంధం లేదనుకుంటూ చాలాకాలం గడిపాను.

ముందు చెవి, తర్వాత టెస్టరు

లైటు వెలగడం లేదని పిలిస్తే ముందు బల్బు మార్చి చూడండి. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. బల్బు బాగుంటే స్విచ్చిని మెల్లగా నొక్కి చెవి పెట్టండి. మంచి స్విచ్చి ఒకేసారి టక్కున పడుతుంది. లోపల నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటే స్క్రూ వదులై వైరు నిప్పురవ్వలు రాలుస్తోందని అర్థం. ప్లేటు వెచ్చగా ఉన్నా, కాలిన ప్లాస్టిక్కు వాసన వచ్చినా ఇంక ఆలోచించవద్దు, మెయిన్ తీసేయండి. ప్లేటు విప్పేది ఆ తర్వాతే. విప్పినాక కూడా టెస్టరు పెట్టి, కరెంటు లేదని చూసుకున్నాకే వేలు పెట్టండి. మెయిన్ తీశామని ఇంట్లోవాళ్ళు చెప్పిన మాట మీద వేలు పెట్టవద్దు. పక్కింటి మెయిన్ తీసిన ఇళ్ళు నాకు తెలుసు.

లోపల చీమల గూడు ఉండవచ్చు. వైరు కొస మాడి నల్లబడి ఉండవచ్చు. గోనెగండ్లలో ఒక రైతు ఇంట్లో దీపాలు పెట్టే వేళకు గోడలో టిక్కుటిక్కుమంటోందని పిలిచారు. బల్లి శకునం చెబుతోందని ఆ ఇంటి ముసలాయన రోజూ దిక్కు చూసుకుని అర్థం చెప్పుకునేవాడు. విప్పి చూస్తే వైరు వదులై ఊగుతోంది. స్క్రూ బిగించి లేచాను. "శకునం పాయె, ఇంక నాకు పొద్దు ఎట్ల పోవల్లప్పా?" అన్నాడాయన.

స్విచ్చి పని ఇంతే. పదిహేను నిమిషాల పని. దీంట్లో తప్పు చేయడానికి ఏముంటుందని నేనూ అనుకునేవాణ్ణి.

ఖాసిం అన్న

ఎమ్మిగనూరులో నాకు పని నేర్పింది ఖాసిం అన్న. మార్కెట్టు దగ్గర చిన్న కొట్టు ఉండేది. మోటార్లు చుట్టేవాడు, ఇళ్ళ వైరింగు చేసేవాడు. చేతిలో అంత శుభ్రత ఉన్న పనివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. బాక్సులో వైర్లు జడ అల్లినట్టు మడిచి పెట్టేవాడు. ఎవరూ చూడని చోట అంత పని ఎందుకన్నా అంటే, "రేపు దాన్ని విప్పేవాడు చూస్తాడు గదరా భాయ్, వాని ముందర నాకు ఇజ్జత్ వద్దా?" అనేవాడు.

ఆయనకు ఒక దురలవాటు కూడా ఉండేది. ఇంటివాళ్ళు ఏం చెప్పినా వినేవాడు కాదు. "వాళ్ళకేం తెలుసురా? ఫ్యాను పాడయితే లైటంటారు, లైటు పాడయితే కరెంటాఫీసంటారు. వాళ్ళ మాట ఈ చెవిన విను, ఆ చెవిన వదులు. వైరు చూడు, వైరు." నేను ఆయన దగ్గర శుభ్రత నేర్చుకున్నాను. ఈ దురలవాటునూ దాంతోపాటే నేర్చుకున్నాను. ఆయన మీద గౌరవం తగ్గి ఈ మాట రాయడం లేదు. గురువు దగ్గర ఏది తీసుకోవాలో ఏది వదలాలో ఆ వయసులో తెలియదు. అన్నీ కలిపే మోసుకొస్తాం.

పత్రికలో నా వార్తలు దిద్దే సబ్‌ఎడిటరు దీనికి పూర్తిగా ఎదురు. ఆయన ముఖం నేను రెండుసార్లే చూశాను, గొంతు మాత్రం వేలసార్లు విన్నాను. చిప్పగిరి వైపు లారీ బోల్తా పడిందని వార్త పంపితే ఫోను చేసేవాడు. "ఎప్పుడు పడింది?" పొద్దున అంటే, "పొద్దునంటే ఎన్నింటికి? నువ్వు చూసినావా? చూసినోణ్ణి అడిగినావా?" చూసినవాణ్ణి అడిగి వచ్చేదాకా వార్త పేజీలోకి పోయేది కాదు. నాకు విసుగొచ్చేది. అయినా అలవాటు పడ్డాను. వార్త కోసం పోయినప్పుడు అడిగేవాణ్ణి. స్క్రూడ్రైవరు పట్టుకుని పోయినప్పుడు అడిగేవాణ్ణి కాదు.

సాయంత్రం నాలుగింటికి

ఆదోనిలో పాత వీధి ఒకదాంట్లో గురురాజు అనే బడిపంతులు ఇల్లు. వాళ్ళ పెద్దలు మఠాల్లో పూజ, వంట సేవ చేసినవాళ్ళు. ఇంట్లో ఆయన, భార్య వందన, తల్లి ఇందిరాబాయమ్మ. ఆమెకు డెబ్బై దాటాయి. పొద్దున దేవునికి నైవేద్యం వండే పని ఆ ఇంట్లో ఆమెది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమెదే. తెల్లవారుజామున లేచి స్నానం చేసి, తడిచీర పిండుకుని అదే కట్టుకుని వంటింట్లోకి పోతుంది. మడి. వంట ముగిసి నైవేద్యం అయ్యేదాకా ఇంకెవరూ ఆ గడప దాటకూడదు, ఆమెను తాకకూడదు.

ఆ వంటింటి స్విచ్చి చూడమని గురురాజు నన్ను పిలిచాడు. మడి వేళ కాకుండా రమ్మన్నాడు కాబట్టి సాయంత్రం నాలుగింటికి పోయాను.

"పొద్దున్నే దీన్ని ముట్టుకుంటే జుమ్మంటాదప్పా. మోచెయ్యి దంకా పాకతాది," అంది ఇందిరాబాయమ్మ.

గురురాజు నవ్వాడు. "ఏకాదశి నాడు మాత్రం జుమ్మనదు లేప్పా. మా ఇంట్లో స్విచ్చి కూడా ఉపవాసముంటాది."

"ఏకాదశి నాడు నేను వంటింట్లోకే పోను గదరా! ముట్టుకుంటే గదా జుమ్మనేది," అందామె. కోపంగా కాదు, బడిలో పిల్లవాడికి లెక్క చెప్పినట్టు.

నేను పీట వేసుకుని ఎక్కాను. ఎండ కిటికీలోంచి నేరుగా ఆ గోడ మీద పడుతోంది. స్విచ్చి పదిసార్లు నొక్కాను, టక్కుటక్కున బాగా పడుతోంది. ప్లేటు స్క్రూల మీద టెస్టరు పెట్టాను, వెలగలేదు. మెయిన్ తీసి, ప్లేటు కొంచెం వదులు చేసి లోపలికి చూశాను. వైర్లు పాతవే గాని మాడిన గుర్తు లేదు. స్క్రూలు బిగించి దుమ్ము ఊదాను. ప్లేటు పైన సున్నం కొంచెం ఉబ్బి ఉంది. పాత ఇల్లు, ఉబ్బుతుంది అనుకున్నాను.

"స్విచ్చిలో ఏం లేదు సార్," అన్నాను దిగుతూ. అంతటితో ఊరుకుని ఉంటే ఇది రాయవలసిన పనే ఉండేది కాదు. "అమ్మకు వయసైంది గదా, చేతిలో తిమ్మిరుంటాదేమో. షుగరుందా?"

"ఉంది," అన్నాడు గురురాజు.

ఇందిరాబాయమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది. నేను సంచీ సర్దుకుని వచ్చేశాను. స్విచ్చిని చూడమని పిలిస్తే మనిషిలో లోపం చెప్పి వచ్చాననే ధ్యాస నాకు లేదు. నందవరంలో ఇంకో పని ఉంది, బస్సు అందుకోవాలి. అదే నా ధ్యాస.

అరుగు మీద

రెండు నెలల తర్వాత ఆ వీధిలో కొళాయి దగ్గర ఆడవాళ్ళు గొడవ పడుతున్నారని ఎవరో చెబితే, వార్త కోసం పోయాను. ఆ వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు, చీకటి విడవకముందు వచ్చేవి. నేను పోయేసరికి గొడవ ముగిసింది, నీళ్ళూ ఆగిపోయాయి. తిరిగి వస్తుంటే అరుగు మీద ఇందిరాబాయమ్మ కూర్చుని ఉంది. పొద్దున ఏడు దాటలేదు. ఆ వేళకు ఆమె అరుగు మీద ఉండడమే వింత.

"ఏమప్పా డాక్టరూ, బాగుండావా?" అంది.

"నేను డాక్టరునెట్లయితానమ్మా?"

"కాక? స్విచ్చికి వైద్యం చెయ్యమని పిలిస్తే నాకు చేసి పోతివి. నువ్వు చెప్పిన రోగానికే రోజూ మాత్ర మింగుతాండా."

నవ్వుతూనే చెప్పింది. నా మాట విన్న కొడుకు ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయాడు. చేతులు జుమ్మంటున్నాయంటే డాక్టరు నరాలకు మాత్రలు రాశాడు. కొడుకు చెప్పింది అంతే కాబట్టి ఆయన తప్పేం లేదు. ఆ మాత్రలకు మత్తు వచ్చేది. మొదటి వారంలోనే ఒకరోజు పాయసం గిన్నె చేతిలోంచి జారింది. కాళ్ళ మీద పడలేదు గాని, ఆ రోజు నుంచి వంటింట్లోకి పోవద్దన్నారు. కోడలు ఆరున్నరకు పొడిచీరతో వండి నైవేద్యం పెట్టి ఉద్యోగానికి పోతోంది. కోడలికి స్విచ్చి ఒక్కసారి కూడా జుమ్మనలేదు. దాంతో ఇంట్లో అందరికీ సంగతి తేలిపోయినట్టయింది.

"పాపం ఆ పిల్లకు రెండు పనులాయె. నాకు ఒకటీ లేకపాయె," అంది ఇందిరాబాయమ్మ.

చేతిలో నోటుబుక్కు ఉంది. అది చేతిలో ఉన్నందుకే కాబోలు, అలవాటు కొద్దీ అడిగాను. "ఎప్పుడెప్పుడు జుమ్మనేదమ్మా? రోజూనా?"

"రోజూ ఎందుకంటాది? కొళాయి వచ్చిన పొద్దు. కొళాయి రాని పొద్దు ఏమీ లేదు."

నేను నోటుబుక్కు మూశాను. "ఈ మాట ఆ రోజు చెప్పకపోతివేమ్మా?"

"నువ్వు అడిగితివా?"

ఆ గోడకు అవతల బచ్చలి, అంటే స్నానాల గది. అందులోకి పోయే కొళాయి పైపు ఆ గోడలోంచే, స్విచ్చికి జానెడు పైనుంచి పోతోంది. పైపు అతుకు కారుతుంటే, నీళ్ళు వచ్చినప్పుడే గోడ తడుస్తుంది. కోడలు వచ్చే వేళకు నీళ్ళు ఆగుతాయి, తడి పీల్చుకుంటుంది. నేను పోయిన నాలుగింటికి ఎండ పడి పొడిపొడిగా ఉంటుంది. గోడ తడిగా ఉన్న ఆ వేళ తడిచీరతో, తడిచేత్తో, వట్టి కాళ్ళతో బండల మీద నిలబడేది ఆ ఇంట్లో ఒక్కరే. ఆ వేళ ఇంకెవరూ గడప దాటరు కాబట్టి ఆమె మాటకు రెండో సాక్షి పుట్టే దారి లేదు. ఉబ్బిన సున్నం నేను చూశాను. చూసి వదిలేశాను.

గడప

ఇదంతా అప్పటికి నా ఊహే. ఈసారి ఊహ చెప్పి పోదలచుకోలేదు. ఆ స్విచ్చిని ఎవరూ ముట్టవద్దని వందనకు చెప్పి, ప్లేటు మీద అట్టముక్క అంటించాను. మళ్ళీ నీళ్ళొచ్చే రోజున తెల్లవారుజామునే వస్తానన్నాను. గురురాజు తటపటాయించాడు.

"స్విచ్చి మార్చేస్తే పోలేదా? అంత పొద్దున్నే ఎందుకప్పా?"

"మారిస్తే అమ్మ చెప్పింది నిజమో కాదో ఎప్పటికీ తెలీదు సార్."

వందన మధ్యలో అందుకుంది. "రానీండి. అత్తమ్మ ఉత్తుత్తగా చెప్పే మనిషి కాదు. ఈసారి చూసే పోనీండి."

ఆ రోజు నేను పోయేసరికి కొళాయి వచ్చి అరగంటయింది. వాకిట్లో బిందెల చప్పుడు. గురురాజు తలుపు తీసి, "అమ్మ ఏం చేసిందో చూడప్పా," అన్నాడు దిగులుగా. ఇందిరాబాయమ్మ ఎవరికీ చెప్పకుండా లేచి స్నానం చేసి, తడిచీర కట్టుకుని వంటింట్లో నిలబడి ఉంది. రెండు నెలల తర్వాత మడిలో. నడవాలో దీపం వెలుతురు గడప దాకా పడుతోంది. నేనూ గురురాజూ గడప బయట ఆగిపోయాం.

"వచ్చినావా? చూడు, నీ కండ్ల ముందరే చూపిస్తా," అంది. అట్టముక్క పీకేసి చెయ్యి చాచింది.

గోడ మీద చీకటిలోనే నల్లగా తడి మెరుస్తోంది. "ముట్టొద్దమ్మా!" అని అరిచాను. ఆమె చెయ్యి ఆగలేదు. ఆగుతుందేమోనని చూసే వ్యవధి లేదు. గడప దాటి పోయి ఆమెకూ గోడకూ మధ్యలో నిలబడ్డాను. ఆమె తడికొంగు నా భుజానికి తగిలింది.

గురురాజు "అయ్యో" అన్నాడు. బచ్చలిలో తొట్టిలోకి నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

టెస్టరు తీసి ప్లేటు స్క్రూ మీద పెట్టాను. ఎర్రగా వెలిగింది. రెండో స్క్రూ మీద పెట్టాను. అదీ వెలిగింది. పక్కనున్న తడి సున్నం మీద పెట్టినా సన్నగా వెలిగింది.

ఇందిరాబాయమ్మ ఆ చిన్న ఎర్ర వెలుగును కాసేపు చూసింది. "మడి ఎట్లాగూ పాయె," అంది. "నువ్వూ రారా లోపలికి. దూరంగా నిలబడి చూడు."

గురురాజు వచ్చాడు. వందన వచ్చింది. వంటింట్లో ఆ వేళ అంతమంది ఎప్పుడూ నిలబడి ఉండరు. మెయిన్ తీయించి, టార్చి వెలుతురులో ప్లేటు విప్పాను. లోపల ఇనుప బాక్సు అంచుకు ఒరుసుకుని ఒక వైరుకు గోరంత తోలు లేచిపోయింది. పొడిగా ఉన్నప్పుడు అది అంచుకు తగలదు. ఇప్పుడు బాక్సు అడుగున నీటి బొట్లు నిలిచి రెంటినీ కలుపుతున్నాయి. నాలుగు దిక్కులా వైర్లు లాగి చూసి ఉంటే ఆ రోజు నాలుగింటికైనా ఇది దొరికేది.

జుమ్మనడం చిన్న విషయం కాదని కొత్తగా వచ్చే పిల్లలకు చెబుతున్నాను. ఆ రెండు నెలలు ఆమెను వంటింటికి దూరంగా ఉంచారు కాబట్టి నా మాట ఆమెను కాపాడిందని ఎవరైనా అనవచ్చు. ఒకసారి గురురాజే అన్నాడు, నన్ను ఓదార్చడానికి. నేను ఒప్పుకోను. నేను సరిగ్గా చూసి ఉంటే ఆమె ఆ రెండు నెలలూ ప్రాణానికి భయం లేకుండా తన వంటింట్లోనే ఉండేది.

పత్రికలో తప్పు పడితే మర్నాడు లోపలి పేజీలో, కనబడీ కనబడని అక్షరాల్లో సవరణ వేస్తారు. ఆ పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. అందుకని అక్కడే, ముగ్గురి ముందరా చెప్పాను. "అమ్మ మొదటి రోజు చెప్పిందే నిజం సార్. తప్పు నాది. చేతి సంగతి నేను అనకూడని మాట."

గురురాజు తల్లి వైపు చూడలేక కిటికీ వైపు చూశాడు.

"వీడు నీ మాట నమ్మినాడంటే సరే, బడిపంతులు, వైర్ల సంగతి వీనికేం తెలుసు," అంది ఇందిరాబాయమ్మ. "నేనూ నమ్మితినప్పా నీ మాట. అదే నాకు బాధ. పొద్దున లేస్తూనే ఈ చెయ్యి చూసుకుంటా ఉంటిని. ఇన్నేండ్లు వండిన చెయ్యి, ఇంక నాది కాదేమో అనుకుంటిని."

రెండు రోజుల తర్వాత

పాత బాక్సుకు వచ్చే వైరు తీసేసి, అది మూసేశాను. తలుపు పక్కన పొడిగోడ మీద కొత్త స్విచ్చి పెట్టాను. ఎర్తు లేని ఇల్లది, ఎర్తు గుంత తీయించాను. కరెంటు కారితే తనంతట తానే ఆగిపోయే బ్రేకరు మెయిన్ దగ్గర బిగించాను. పైపు అతుకు వేరే మనిషి వచ్చి బాగుచేశాడు. గురురాజు ఆస్పత్రికి పోయి జరిగింది చెబితే, డాక్టరు చేతి మాత్రలు ఆపి షుగరు మాత్రలు మాత్రం వేసుకోమన్నాడట.

కొళాయి వచ్చే రోజున మళ్ళీ పోయాను. ఎవరూ రమ్మనలేదు. ఇందిరాబాయమ్మ స్నానం చేసి వచ్చింది. చీర కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను గడపకు ఇవతలే, గోడకు ఆనుకుని నిలబడ్డాను. గురురాజు, వందన నా వెనక ఉన్నారు.

ఆమె చెయ్యి ఎత్తింది. స్విచ్చికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. భయం లేదమ్మా అనబోయి, నోరు మూసుకున్నాను. టెస్టరుతో నేను పదిసార్లు చూసిన స్విచ్చి అది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమె చేతికి ఇంకా తెలియదు. వెనక నుంచి గురురాజు, "నేను నొక్కనా అమ్మా?" అన్నాడు మెల్లగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత నొక్కింది.

లైటు వెలిగింది. ఆమె వేలు వెంటనే తీయలేదు. స్విచ్చి మీద, ప్లేటు మీద, స్క్రూల మీద మెల్లగా వేలితో రాసింది. అరచెయ్యి తిప్పి ఒకసారి చూసుకుంది. అప్పుడు మా వైపు తిరిగింది.

"ఏమప్పా, అంతమందీ అట్ల నిలబడితే నేను పొయ్యి ఎప్పుడు ముట్టించల్ల? పోండి, పోండి. బియ్యం కడగల్ల."